బొచ్చె, యాభై ఎనిమిది కేజీల నాలుగొందలు

"బరువెంతండీ?"

"డెబ్భై."

ఆవిడ పెన్ను ఆగింది. కళ్ళు కాగితం మీంచి లేచాయి. నా చంక కింది కర్రల దగ్గర మొదలై, వదులుగా వేలాడుతున్న చొక్కా భుజాల దగ్గర కాసేపు నిలబడి, మెడ దాకా వచ్చి, మళ్ళీ కాగితం మీదికి దిగాయి.

"డెబ్భైయేనా?"

"డెబ్భైయేనండీ."

"మిషన్ ఎక్కి చూపిస్తారా?"

"ఒంటికాలి మీదా?"

నవ్వు ఆపుకుని డెబ్భై అని రాసుకుంది. మా పెళ్ళి కథ ఆ అంకె దగ్గరే మొదలైంది. పెళ్ళయి మూడు నెలలే అయింది కాబట్టి నాకిప్పుడు అన్నీ అందరికీ చెప్పాలనిపిస్తోంది. కప్పులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని కనిపించినా ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. కాస్త ఓపిక పట్టి వినండి.

నా పేరు సూర్యప్రకాష్. కంకిపాడులో మేడ మీద మా ఇల్లు, కింద మా అమ్మ కొండలమ్మ చేపల కొట్టు. కొండలమ్మ కాటా అంటే ఉయ్యూరు దాకా పేరు. ఇరవై ఏళ్ళలో పది గ్రాములు తక్కువ తూగిందని ఒక్కరూ వెనక్కి రాలేదు. నేను చదువుకుని మంగళగిరిలో ఒక కంపెనీలో బిల్డింగులకి డ్రాయింగులు గీస్తుంటాను.

అంతటి మా అమ్మ జీవితంలో ఒకే ఒక్కసారి దొంగ తూకం వేసింది. నా పెళ్ళి బయోడేటాలో.

"యాభై ఎనిమిదని రాస్తే పిల్లనెవరిస్తార్రా? ఇంట్లో తిండి లేదనుకుంటారు. డెబ్భై అని వెయ్యి. పెళ్ళయ్యేలోపు నేను చేస్తాగా!"

ఆ మాట అని రెండేళ్ళయింది. రెండేళ్ళుగా పులుసులు, వేపుళ్ళు నా కంచంలో పడుతూనే ఉన్నాయి. ఏదీ ఒంటికి పట్టలేదు. డెబ్భై అని చెప్పడం మాత్రం నోటికి పట్టేసింది. ఎవరడిగినా, ఎక్కడడిగినా డెబ్భై.

ఫిబ్రవరిలో నేనూ నా ఫ్రెండు హేమసుందరూ హిమాచల్ వెళ్ళాం. కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని మంచు కొండ మీంచి జారే ఆట, స్కీయింగ్, ఒకసారి ఆడి రావాలని. హేమసుందర్ తొంభై రెండు కేజీలు. మేడ మెట్లెక్కితే మధ్యలో ఒకసారి కూర్చుంటాడు. నేను రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద మూడు కిలోమీటర్లు పరిగెత్తేవాణ్ణి. ఇద్దరం ఒకే కొండ మీద, ఒకే పూట, పది నిమిషాల తేడాలో పడ్డాం. వాడు మంచులో మూటలా దొర్లి, లేచి, దులుపుకుని, "ఒరే, ఇంకోసారి!" అన్నాడు. నా మోకాలు గుమ్మడికాయంత అయింది.

అలా చేరాను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర క్లినిక్‌కి, ఫిజియోథెరపిస్టు సుధామణి గారి ముందుకి.

"మోకాలి లోపలి లిగమెంటు సగం చిరిగిందండీ. ఆపరేషన్ అక్కర్లేదు. పది వారాలు నేను చెప్పినట్టు వింటే చాలు."

"పదేనా?" అని దిగులుగా అడిగానట. నాకు గుర్తు లేదు. తనకి బాగా గుర్తుంది.

*

మొదటి నెలంతా నేను గోడ పట్టుకుని నడవడం, తను పక్కన నడవడం. మార్చి ఎండకి బయట రోడ్డు కాగుతుంటే లోపల మేమిద్దరం మంచు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

"మా క్లినిక్‌కి బైకు మీంచి పడ్డవాళ్ళొస్తారు, బాత్రూములో జారినవాళ్ళొస్తారు. మంచులో పడ్డ మనిషి రావడం ఇదే మొదటిసారి. మీరు నా అదృష్టమండీ."

ఆ చివరి ముక్క నేను వారం రోజులు దాచుకుని దాచుకుని తలుచుకున్నాను. అసలు సంగతి వేరు. ఏప్రిల్ ఆఖరి ఆదివారం విజయవాడలో ఫిజియోథెరపిస్టుల మీటింగు ఉంది. తనకి ఇరవై నిమిషాలు ఇచ్చారు. స్టేజీ ఎక్కడం అదే మొదలు. మంచు మీద జారేవాళ్ళలో కొందరికే ఎందుకు తేలిగ్గా దెబ్బలు తగులుతాయో చెప్తానని పేరిచ్చేసింది, నన్ను చూసుకునే.

"మా అమ్మ దిష్టంటోందండీ," అన్నాను.

"దిష్టయితే హేమసుందర్ గారికి తగలాలిగా? మీరు చెప్పినదాన్ని బట్టి ఆయనే ఎక్కువ మనిషి."

"మరేంటంటారు?"

"మా నాన్న సంగతి చెప్తాను వినండి." వాళ్ళది కైకలూరు దగ్గర, కొల్లేటి ఒడ్డున ఊరు. నాన్న పోలరాజు గారు పదేళ్ళప్పటినుంచీ దోనె మీద నిలబడి వల విసురుతున్నారు. "ఆయన మోకాళ్ళు ఎప్పుడూ బిగించడు. దోనె ఎటు ఊగితే అటు వంగుతాడు. పడాల్సొస్తే పడిపోతాడు, నీళ్ళతో పోట్లాడడు. మంచు మీదా అంతే. భయపడి కాళ్ళు బిగబట్టేవాళ్ళు, తొడల్లో బలం లేనివాళ్ళు, బాగా అలిసిపోయి కూడా ఇదొక్కసారని మళ్ళీ ఎక్కేవాళ్ళు, తమకి రాని కొండ ఎక్కేవాళ్ళు. వాళ్ళకే ఎక్కువ తగుల్తాయి."

"నేనందులో ఎవర్ని?"

"మీ తొడల్లో బలముంది. పడ్డది పొద్దున పూట, అలసట లేదు. అదే నాకు అంతుపట్టట్లేదు." చేతిలో పెన్నుతో నా మోకాలి మీద చిన్నగా కొట్టింది. "నిన్న రాత్రి దీని గురించే ఆలోచిస్తూ పాలు పొంగించేశాను."

నా మోకాలి గురించి ఒకమ్మాయి పాలు పొంగించిందంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆ వారమే ఇంకోటి జరిగింది. పక్క మంచం మీద రావమ్మ గారనే పెద్దావిడ ఉండేవారు. "వ్యాయామం చేశారా అమ్మా?" అని సుధామణి అడిగితే, "పొద్దునా సాయంత్రం చేశానమ్మా, నీ మీదొట్టు," అన్నారు. మోకాలు మాత్రం కొయ్యలా ఉంది. రావమ్మ గారు వెళ్ళాక సుధామణి నిట్టూర్చింది.

"అబద్ధం చెప్పే పేషెంటుకి నయం చేయగలనండీ. ఆ మనిషి మాట ఇంకోసారి నమ్మడమే నావల్ల కాదు."

నేను బుద్ధిగా తలూపాను. ఎంత బుద్ధిగానో!

*

హేమసుందర్‌ని కూడా పిలిపించింది. వాడు కుర్చీలో సర్దుకుని కూర్చుని సాక్ష్యం చెప్పాడు.

"పలకలు అద్దెకిచ్చే షాపులో ఫారమ్ ఇచ్చారండి. స్కీయింగ్ వచ్చా అనడిగితే నేను అస్సలు రాదని రాశాను. అస్సలు కింద గీత కూడా గీశాను."

"మీరండీ?" అంటూ నా వైపు తిరిగింది.

"కొంచెం వచ్చు అని..."

"ఎప్పుడు నేర్చుకున్నారు?"

"వారం రోజులు వీడియోలు చూశాను. పైగా చిన్నప్పట్నుంచీ ఐసు మీద నడిచినవాణ్ణండీ."

"ఎక్కడ?"

"మా చేపల కొట్లో."

సుధామణి తల బల్ల మీద ఆనించి నవ్వింది. హేమసుందర్ బల్ల గుద్దుతూ నవ్వాడు. రావమ్మ గారు ఎందుకో తెలియకుండానే నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేస్తాను!

"ఇది కొంత కారణం," అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇదొక్కటే చాలదు."

మీటింగు ముందు గురువారం. నేను వెళ్ళేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"దొరికింది! ఆ షాపాయన మీ బూటు వెనక స్క్రూడ్రైవర్‌తో ఏదో తిప్పాడన్నారు కదా?"

"అవును."

"అక్కడే ఉందంతా. మనిషి పడగానే బూటు పలక నుంచి ఊడిపోవాలి. ఊడితే హేమసుందర్ గారిలా దొర్లుతారు. ఊడకపోతే పలక ఒక పక్కకి లాగుతుంది, ఒళ్ళు ఒక పక్కకి తిరుగుతుంది, మధ్యలో మోకాలు నలిగిపోతుంది. మీది ఊడలేదు!"

"ఎంత బిగించాలో ఆయనకెలా తెలుస్తుంది?"

"ఫారమ్ చూసి. ఎత్తు, వయసు, బూటు కొలత, ఆట ఎంతొచ్చు... ముఖ్యంగా బరువు. బరువైన మనిషికి గట్టిగా బిగిస్తారు, లేకపోతే ఊరికే ఊడిపోతుంది. తేలికైన మనిషికి వదులుగా పెట్టాలి, లేకపోతే పడ్డప్పుడు ఊడదు."

నేను చొక్కా భుజాలు సర్దుకున్నాను.

"మీ డెబ్భైకి లెక్క చూశాను. సరిగ్గా బిగించుంటే ఊడి తీరాలి. అంటే ఆ షాపాయన తప్పు బిగించాడన్నమాట. ఆదివారం స్టేజీ మీద అదే చెప్తాను." ఆగి, కొంచెం గొంతు తగ్గించి, "మీరు వస్తారుగా?" అంది.

ఆ షాపాయన నాకు గుర్తొచ్చాడు. చలికి పగిలిన చేతులు. నేను పడ్డాక పరిగెత్తుకొచ్చి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టి, తన ఫ్లాస్కులో టీ నాకు పోశాడు. ఫారమ్ మీద నేను రాసిన డెబ్భైకే బిగించాడు పాపం.

*

బస్సు దిగేసరికి వాన. ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా వచ్చే వాన. అక్కడే ఎదురైన హేమసుందర్‌కి సంగతంతా చెప్పాను. ఇద్దరం కొట్టు రేకు కింద నిలబడ్డాం.

"చెప్పకురా," అన్నాడు వాడు. "ఎవడికి తెలుస్తుంది? ఆ షాపాయన ఇక్కడికొచ్చి తెలుగులో గొడవ పెట్టుకుంటాడా?"

"తను తప్పు చెప్తుందిరా. అందరి ముందు. మొదటిసారి స్టేజీ ఎక్కి."

"చెప్తే నిన్నింక నమ్మదు. తనే అందన్నావుగా?"

"అంది."

"మరి?"

రేకు మీంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. నేను చెప్పులు విప్పి కాటా ఎక్కాను. గల్లా దగ్గర కూర్చున్న అమ్మ తలెత్తి చూసింది.

"ఏంట్రా, చేపల కాటా మీద నీకేం పని?"

"నొక్కమ్మా."

ఇరవై ఏళ్ళ అలవాటు. అమ్మ వేలు చూడకుండానే మొదటి మీట, బొచ్చె చేపల మీట మీద పడింది. మిషన్ కుయ్యిమని చీటీ కక్కింది.

మర్నాడు దాన్ని సుధామణి చేతిలో పెట్టాను.

"బొచ్చె. యాభై ఎనిమిది కేజీల నాలుగు వందల గ్రాములు," అని చదివింది. "ఇంత పెద్ద చేపా? ఎక్కడ దొరికింది?"

"అది చేప కాదండీ."

"మరి?"

"నేను."

ముందు నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వాపేసింది. బయోడేటా దగ్గర మొదలుపెట్టి షాపాయన టీ దాకా మొత్తం చెప్పాను. తను కాగితం తీసి లెక్క వేసుకుంది. పెన్ను చాలా నెమ్మదిగా కదిలింది.

"ఏడు వారాలు," అంది చివరికి. "డెబ్భై కేజీల మనిషి మోకాలనుకుని వ్యాయామాలిచ్చాను. అవి ఎక్కువై ఇంకోసారి చిరిగుంటే?"

నేను మోకాలు రెండు చేతులా పట్టుకున్నాను.

"సోమవారం నుంచి మిమ్మల్ని నతానియేలు గారు చూస్తారు. నాకన్నా సీనియర్." చీటీ మాత్రం వెనక్కివ్వలేదు. మడిచి ఫైల్లో పెట్టుకుంది.

ఇంటికెళ్ళి పులుసన్నం ముందు కూర్చున్నాను. ముద్ద కలిపి అలాగే వదిలేశాను. అమ్మకీ విషయం తెలిసిపోయింది, హేమసుందర్ నోట్లో ఏదాగుతుంది గనక! ఆవిడ నా కంచం వైపు చూసి, లేచి వెళ్ళి కింద కాటా పళ్ళెం తుడుస్తూ చాలాసేపు కూర్చుంది.

*

ఆదివారం పొద్దున్న ఫోన్ మోగింది. మెసేజి.

"పదకొండింటికి. వెనక వరుసలో కూర్చోండి. నోరు తెరవకూడదు."

వెళ్ళాను. కూర్చున్నాను. నోరు తెరవలేదు.

నీలం మంగళగిరి చీర కట్టుకుని స్టేజీ ఎక్కింది. మొదటి రెండు నిమిషాలు కాగితం చూసి చదివింది. తర్వాత వాళ్ళ నాన్న దోనె సంగతి చెప్పింది, హాలంతా సర్దుకుని కూర్చుంది. ఇక కాగితం వైపు చూడలేదు.

"ఇద్దరు స్నేహితులు ఒకే కొండ మీద పడ్డారు. బలమైన మనిషికి దెబ్బ తగిలింది, బలం లేని మనిషి నవ్వుతూ లేచాడు. ఎందుకు? లేచిన మనిషి ఫారమ్‌లో తన బరువు ఉన్నది ఉన్నట్టు రాశాడు. ఆట అస్సలు రాదని రాశాడు. దెబ్బ తగిలిన మనిషి బరువు పన్నెండు కేజీలు ఎక్కువ రాశాడు. రాని ఆట వచ్చని రాశాడు. రెండూ కలిసి బిగింపు గట్టిదైంది. షాపాయన తప్పేం లేదు. ఈ దెబ్బ మంచులో తగల్లేదండీ. రెండేళ్ళ కిందట కంకిపాడులో, ఒక కాగితం మీద తగిలింది."

ఎవరో ముందు వరుసలోంచి అడిగారు. "అసలు బరువు మీకెలా తెలిసిందమ్మా?"

తెర మీద నా చీటీ ప్రత్యక్షమైంది. హాలంత పొడుగున బొచ్చె, యాభై ఎనిమిది కేజీల నాలుగొందలు.

"పేషెంటే తెచ్చిచ్చారు," అంది. నవ్వులు ఆగేదాకా ఆగింది. "చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. నేనీ స్టేజీ మీద తప్పు చెప్పి దిగిపోయేదాన్ని. అందుకని ఆయనకి థాంక్స్."

వెనక వరుసలో నేను కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చున్నాను. మోకాలు నొప్పి లేదు. ఏ నొప్పీ లేదు.

బయట కాఫీ దగ్గర తనే వచ్చింది. రెండు కప్పులు తెచ్చింది.

"కోపం పోయిందాండీ?" అన్నాను.

"సగం."

"మొదటి రోజే అనుమానం రాలేదా మీకు?"

"వచ్చింది. చొక్కా వదులుగా ఉంది కదా, లోపలెక్కడో ఉన్నాడేమో మిగతా మనిషి అనుకున్నాను." కాఫీ ఊదుకుంటూ కాసేపు అటు చూసింది. "నా బయోడేటా కూడా ఉందండీ. మా నాన్న రాయించాడు. వంట చాలా బాగా వచ్చునట."

"రాదా?"

"ఉప్మా వచ్చు. అదీ నీళ్ళు సరిగ్గా పడిన రోజు." నా వైపు తిరిగింది. "నన్నేం లెక్క వేస్తారో వేసుకోండి."

"మా ఇంట్లో వంట మనుషులకి కొదవ లేదండీ, మా అమ్మ ఒక్కతే పదిమంది పెట్టు. నాకు కావలసింది..." కళ్ళు మూసుకుని అనేశాను. "మోకాళ్ళు బిగించకుండా చెప్పాలంటే, నాకు మీరు కావాలి."

తన చేతిలో కప్పు కొంచెం ఒలికింది. నీలం చీర కొంగు మీద చిన్న మరక. ఆ మరక ఇంకా అలాగే ఉంది, ఉతకనివ్వట్లేదు నేను.

"కొత్త బయోడేటా మా నాన్నకి పంపండి," అంది తలొంచుకుని. "చీటీ జత చేసి."

*

పోలరాజు గారు మే నెలలో వచ్చారు కంకిపాడు. సన్నటి మనిషి, నల్లగా, నిటారుగా. అమ్మ ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళలేదు. కొట్లోనే కుర్చీ వేసింది.

"ఎక్కరా," అంది నాతో.

"అమ్మా!"

"ఎక్కమన్నానా!" చీర కొంగు నడుముకి చెక్కుకుని ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, ఇరవై ఏళ్ళుగా ఈ కాటా తప్పలేదు. ఒక్కసారి తప్పించాను, నా కొడుకు కాలు మీదికొచ్చింది. ఇప్పుడు మీ కళ్ళ ముందు తూస్తన్నా. ఉన్నది ఉన్నట్టు చూసుకుని, ఇష్టమైతేనే పిల్లనివ్వండి."

నేను చెప్పులు విప్పి ఎక్కాను, అమ్మ మీట నొక్కింది.

పోలరాజు గారు లేచి, అంకె చూశారు. నన్ను చూశారు. నా వెనక తలుపు పక్కన నిలబడి గోరు కొరుక్కుంటున్న కూతుర్ని చూశారు.

"చెల్లెమ్మా, చెరువులో మేత వేసి పెంచిన చేప బరువు తూగుద్ది. కొల్లేట్లో ఎదురీదే చేప సన్నంగానే ఉంటది. రుచి దేనికుంటదో నీకు నేను చెప్పాలా?"

అమ్మ కళ్ళు తుడుచుకుంది. హేమసుందర్ ఈల వేశాడు. శ్రావణంలో పెళ్ళయింది.

ఇవాళ పొద్దున్న ఉప్మాలో నీళ్ళు సరిగ్గా పడ్డాయి. జనవరిలో మళ్ళీ అదే కొండకి వెళ్తున్నాం. ఆ షాపాయనకి మా కొట్టు నుంచి ఎండు రొయ్యలు తీసుకెళ్ళాలని అమ్మ ఇప్పటినుంచే ఎండబెడుతోంది. ఫారమ్ ముందే ఫోన్‌లో నింపి పంపాలట. ఆట వచ్చా అన్నచోట ఇద్దరికీ "అస్సలు రాదు" అని కొట్టాను. బరువు దగ్గర అరవై అని కొట్టబోతే సుధామణి నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, కాటా ఎక్కి రండి ముందు."

కిందికి దిగాం. నేనెక్కాను. మీట నొక్కేలోపు, ఏమనుకుందో ఏమో, సుధ కూడా చెప్పులు వదిలి ఎక్కేసింది. కాటా పళ్ళెం చిన్నది. పడిపోకుండా ఇద్దరం ఒకరినొకరం పట్టుకున్నాం. మోకాళ్ళు కాస్త వంచి, దోనె మీద నిలబడ్డట్టు.

అమ్మ అటు తిరిగి చేపలకి ఐసు కొడుతూనే, చూడకుండా, మొదటి మీట నొక్కింది.

బొచ్చె, నూట పదమూడు కేజీల ఆరొందలు.

అందులో ఎవరిదెంతో తెలియదు. ఏ ఫారమ్‌కీ పనికిరాదు. బీరువాలో దాచుకున్నాను.